ఎర్ర అంచు ఏప్రాన్

ఏప్రిల్ 24, 2025

ఇయ్యాల రాయకపోతె ఇంకెప్పుడు రాయాలె. ఓంప్రకాశ్ సేటు కొత్త సంవత్సరానికి తన నూలు దుకాణంల అందరికి పంచిన డైరీ ఇది. నాలుగు నెలల సంది మగ్గం పక్కన ఊకనే పడి ఉన్నది. నేను చదివింది ఏడో తరగతి, అక్షరాలు జర పెద్దగ వస్తయి. ఎవలు చూస్తరు, నా కోసం నేను రాసుకుంటాన.

మా తిరుమలకు వచ్చింది. సముద్రం చదువు. విశాఖపట్నం దాటినంక ఒడ్డు మీదనే పెద్ద పరిశోధన కేంద్రం ఉన్నదట. ఎండాకాలం సెలవులల్ల డిగ్రీ పిల్లలను పిలిపిచ్చుకొని, రెండు నెలలు అక్కడనే తిండివెట్టి, పడకిచ్చి, పని నేర్పుతరట. దాన్ని ఇంటర్న్‌షిప్ అంటరు. దేశం మొత్తం మీద వేల మంది అర్జీలు పెట్టుకుంటె ఇరవై నలుగురిని తీసుకున్నరు. ఆ ఇరవై నలుగురిల ఒకతి మా వరంగల్ కొత్తవాడ బిడ్డ, హన్మకొండల బీఎస్సీ రెండో సంవత్సరం చదివే పిల్ల, జంపఖానలు నేసే మొగిలి బిడ్డ.

నాకు నలభై ఆరేండ్లప్పుడు పుట్టింది. అప్పుడు నవ్వినోళ్లు ఇప్పుడు రావాలె నా ముందటికి.

మా ఇంటామె అనసూయ నూలు కండెలు చుట్టుకుంటనే విన్నది. చెయ్యి ఆపలే. "సముద్రం కాడ దీనికేం పని, ఈతన్న రాదు" అన్నది. ఆమె సంబురం గట్లనే ఉంటది.

నేను మాత్రం బయటికి పోయి చాయ్ హోటల్ల చెప్పిన, చేనేత సంఘం ఆఫీసుల చెప్పిన, తోటి నేతగాడు రాంప్రసాద్ ఇంట్ల చెప్పిన, మట్టెవాడ పోయి ఓంప్రకాశ్ సేటుకు చెప్పిన. వచ్చేటప్పుడు ఆటో డ్రైవర్‌కు సుత చెప్పిన. ఆయన "మంచిది పెద్దాయనా" అన్నడు. ముఖం చూస్తె నిజంగనే అన్నట్టున్నది.

ఏప్రిల్ 27

తిరుమల కూసోబెట్టి అక్కడ చేసే పని చెప్పింది. బట్టలు ఉతికినప్పుడు పోగులు ఊడిపోతయట. మన కండ్లకు అవుపడయి. మోరీలకు పోయి, మోరీల నుంచి వాగులకు, వాగుల నుంచి సముద్రానికి. నూలు పోగులయితె కొన్నాళ్లకు మురిగిపోతయి, పాలిస్టర్ పోగులు మురగవు. చేపల కడుపులల్ల దొరుకుతానయట. సీసలల్ల సముద్రం నీళ్లు పట్టుకొచ్చి, వడగట్టి, మైక్రోస్కోప్ అనే దుర్బిణి కింద పెట్టి ఆ పోగులు లెక్కపెట్టుడు మా బిడ్డ పని.

"అంటె పోగులు లెక్కపెట్టుడా?" అని అడిగిన.

"అవు బాపు."

"మా తాత అదే చేసిండు, మా నాయిన అదే చేసిండు, నేను అదే చేస్తాన. గీ ముక్క చెప్పడానికి ఇంత ఇంగ్లీషు ఎందుకు రాసిండ్రు కాయిదం మీద?"

మస్తు నవ్వింది. నవ్వితె మా అమ్మ లెక్కనే ఉంటది.

ఆ కాయిదంల ఇంకొక ముచ్చట ఉన్నది. పని చేసే గదిల పాలిస్టర్ బట్టలు వేసుకోవద్దట. ఏసుకున్న బట్టల పోగులు గిన్నెల పడితె లెక్క తప్పుతదట. అచ్చం నూలు ఏప్రాన్, డాక్టర్లు ఏసుకునేటి అసొంటి తెల్లది, ఎవలది వాళ్లు తెచ్చుకోవాలె. హన్మకొండ చౌరస్తాల కొనుక్కుంట అన్నది. కొత్తవాడల పుట్టినదానివి నూలు బట్ట బజార్ల కొంటవా అని నేను జర కోపం చేసిన. నేనే నేసి ఇస్త. ఎవ్వల బిడ్డ సుత తండ్రి నేసిన బట్ట వేసుకొని ఆ గదిల అడుగు పెట్టదు. మా బిడ్డ పెడ్తది.

మే 3

రాంప్రసాద్ దగ్గర తువ్వాల మగ్గం ఉన్నది. నా మగ్గం మీద జంపఖానలు దప్ప సన్న బట్ట రాదు. నాలుగు రోజులు వాళ్ల ఇంట్లనే కూసున్న. నలభై ఏండ్లాయె సన్న నూలు నేయక, అయినా చెయ్యి మరువలే. మంచిగ వచ్చింది, పాల మీగడ లెక్క.

ఒక్కటే సంకటం. తెల్ల బట్ట, అంచు లేకుంట. మా ఇండ్లల్ల అంచు లేని తెల్ల బట్ట ఎప్పుడు నేస్తరో కొత్తవాడల అందరికి ఎరుకే. దానికి వేరే మనిషి ఉంటడు, వేరే రోజు ఉంటది. ఆడపిల్లకు, అదీ మొదటిసారి ఇల్లు దాటి పోయే పిల్లకు, నా చేతులతోని పాడె మీద కప్పేటి బట్ట ఎట్ల ఇయ్యాలె. రాంప్రసాద్ సుత "వద్దన్నా, ఒక అంచు ఏసెయ్యి" అన్నడు.

ఎర్ర అంచు ఏసిన. రెండు వేళ్ల వెడల్పు. ఎర్ర నూలు అయితె మొదటి ఉతుకుల రంగు దిగుతది, తెల్లదంత గులాబి అయితది. అందుకని ఓంప్రకాశ్ సేటు దగ్గరికి పోయి రంగు దిగని దారం అడిగి తెచ్చిన. "మొగిలన్నా, ఇది పదేండ్లు ఉతికినా గిట్లనే ఉంటది" అన్నడు. నిజమే, ఉప్పు నీళ్లల్ల నానబెట్టి చూసిన. చుక్క రంగు దిగలే.

అనసూయ అక్కడనే కూసొని ఎర్ర కండె చుట్టేటప్పుడు ఏదో అన్నది. మగ్గం చప్పుడుల నాకు ఇనబడలే.

మే 9

టైలర్ మంచిగ కుట్టిండు. నేను చెప్పకముందే అంచు చేతుల కొసలకు వచ్చేటట్టు పెట్టిండు. రెండు మణికట్ల కాడ ఎర్ర గీత, గాజులు ఏసుకున్నట్టు. తిరుమల ఏసుకొని అద్దంల చూసుకున్నది.

"అంతా నూలేనా బాపు?"

"నూటికి నూరు."

మే 17

స్టేషన్‌కు పోయినం. బండి గంట లేటు, నాకు మంచిదే అయింది. ప్లాట్‌ఫారం మీద తెల్వనోళ్లు నలుగురికి చెప్పిన ఎక్కడికి పోతాందో. "బాపు, ఊకో" అన్నది. ఎందుకు ఊకోవాలె.

మే 20

చేరింది. హాస్టల్ గదిల కిటికి తీస్తె సముద్రం అవుపడతదట. ఫోన్ల చప్పుడు ఇనిపిచ్చింది. అనసూయ చెవి పెట్టుకొని "మరమగ్గాల కార్ఖాన లెక్కనే ఉన్నది" అన్నది.

మే 29

పెద్ద ఉత్తరం చదివినట్టే అయింది ఇయ్యాల, అద్ద గంట మాట్లాడింది. ఆరు బీచ్‌లు, ఒక్కొక్క బీచ్‌కు ఆరు సీసలు, అన్ని కలిపి ముప్పై ఆరు. పొద్దున ఐదు గంటలకు మోకాలు లోతు నీళ్లల్ల దిగి సీసలు పడతరట. వీళ్ల మేడం పేరు భారతి, గట్టి మనిషట, ఒక అంకె తప్పు రాస్తె మొత్తం పేజి మళ్ల రాపిస్తదట. పక్క టేబుల్ మీద శశాంక్ అని నాగ్‌పూర్ పిల్లగాడు, బుద్ధిమంతుడట. ఎంత బుద్ధిమంతుడు అని అనసూయ అడిగింది. తిరుమల జవాబు చెప్పకుంట ముచ్చట మార్చింది.

అన్నిటికన్న పెద్ద ముచ్చట ఓడది. ఆ కేంద్రానికి పరిశోధన ఓడ ఉన్నదట. జులైల అందరు తమ పని గురించి చెప్పినంక, అందరికన్న మంచి పని చేసిన ఒక్కలను ఓడల మూడు రోజులు నడి సముద్రంలకు తీసుకపోతరట. ఒక్కటే సీటు.

"బాపు, నాకు ఆ ఓడ ఎక్కాలని ఉన్నది" అన్నది. చిన్నప్పటి సంది ఏది అడగని పిల్ల. బొమ్మ అడగలే, బండి అడగలే.

ఎక్కుతది. నాకు డౌట్ లేదు.

జూన్ 6

ఏప్రాన్ గురించి అందరు అడుగుతాండ్రట. భారతి మేడం చెయ్యి పట్టుకొని చూసి, చేనేతా అని అడిగిందట. "మా బాపు నేసిండు" అని చెప్పిందట. ఇది రాసుకున్నంక మళ్ల చదువుకున్న.

జూన్ 13

ఇయ్యాల రాయనీకె చెయ్యి ఆగుతలేదు.

తిరుమల పొద్దున్నే ఫోన్ చేసింది, ఊపిరి ఆడకుంట. ఇప్పటిదాక పదహారు సీసలు వడగట్టింది. అన్ని సీసలల్ల ఎర్ర పోగులు. ఏ ఒడ్డు కాడైనా ఎక్కువ నీలం, తెలుపు దొరుకుతయట, ఎర్రయి గిన్ని ఎప్పుడు ఎవలకు దొరకలేదట. ఏదో పెద్ద కార్ఖాన నుంచి వస్తానయేమో, లేకపోతె ఏదో కొత్త తీరు వలలేమో అని మేడం అంటాందట. పైన డైరెక్టర్ సారుకు సుత చెప్పిందట. "ఇది నిలబడితె ఓడ సీటు గురించి ఇంకొకళ్లను అడిగే పని లేదు తిరుమలా" అన్నదట ఆ గట్టి మనిషి.

మా బిడ్డ కనిపెట్టింది. సముద్రంల ఎవ్వలకు అవుపడనిది కొత్తవాడ బిడ్డకు అవుపడ్డది. ఎందుకు అవుపడది, పోగుల నడుమ పుట్టిన పిల్ల.

ఫ్లెక్సీ చేపియ్యాలె.

జూన్ 14

చేపిచ్చిన. చాయ్ హోటల్ ఎదురుంగ కరెంటు స్తంభానికి కట్టిపిచ్చిన. "సముద్రంలో ఎర్ర పోగుల గుట్టు విప్పిన కొత్తవాడ ముద్దుబిడ్డ కుమారి తిరుమలకు హార్దిక శుభాకాంక్షలు." కింద సంఘం పేరు, రాంప్రసాద్ పేరు, ఓంప్రకాశ్ సేటు పేరు, నా పేరు. అనసూయ వచ్చి చూసి, "బిడ్డ కన్న నీ ఫోటోనే పెద్దగున్నది గదయ్యా" అన్నది. ఫ్లెక్సీ చేసినోడు తప్పు చేసిండు, నేను చెప్పలే.

రిటైర్డ్ హెడ్మాస్టర్ కిషన్ రావు సారు స్కూటర్ ఆపి మొత్తం చదివి, నా భుజం తట్టిండు. ఆయన దగ్గర నేను చదువుకోలే, ఆయన నాకన్న చిన్నోడు. అయినా సారు సారే.

జూన్ 15

పొద్దున చాయ్ తాగుకుంట అనసూయ అడిగింది.

"ఏ రంగు పోగులన్నది?"

"ఎరుపు."

"మన ఎరుపేనా?"

"సముద్రంల మన ఎరుపు ఎట్లుంటదే."

"ఆ కండె చుట్టింది నేను. చేతుల జారుతాంది, నూలు గిట్ల జారది అని అప్పుడే అన్న."

"నాకు ఇనబడలే."

"మగ్గం ఆగినప్పుడు సుత అన్న."

ఇయ్యాల ఎండ బాగున్నది. మూడు గజాలు నేసిన.

జూన్ 16

సముద్రంల ఎన్ని ఎర్రయి ఉండయి. చేపలోళ్ల తాళ్లు ఎర్రగుంటయి. జెండాలు. ప్లాస్టిక్ బకెట్లు. టీవీల చూసిన, అక్కడ ఆడోళ్లు చీరెలతోనే సముద్ర స్నానం చేస్తరు. ఎర్ర చీరెలు ఎన్ని ఉంటయి. చదువుకున్న మేడం చూసింది, దుర్బిణిల చూసింది. వాళ్లకు తెల్వదా.

జూన్ 17

ఓంప్రకాశ్ సేటును అడుగుదామని మట్టెవాడ పోయిన. దుకాణంల గిరాకి ఎక్కువున్నది. మళ్ల వస్త అని వచ్చిన.

జూన్ 18

తిరుమల ఫోన్ చేసింది. తిన్నవా బిడ్డా అని అడిగిన. తిన్న అన్నది. ఇంక ఐదు సీసలు అయినయట, అన్నిట్ల ఎర్రయే.

జూన్ 19

మంచిగున్నం.

జూన్ 20

తిరుమల ఫోన్. తిన్నవా అన్న. పైన పెద్ద సార్లు వచ్చి చూసిపోయిండ్రట. మస్తు సంబురంగ ఉన్నది. నేను సుత సంబురంగనే ఉన్న.

ఫ్లెక్సీ కింద రెండు కుర్చీలు ఏసి ముసలోళ్లు కూసుంటాండ్రు. నీడ మంచిగ వస్తాందట.

జూన్ 22

రాంప్రసాద్ ఇంట్ల ఆ ఎర్ర దారం కొంచెం మిగిలింది. తెచ్చుకున్న. వాకిట్ల కూసొని ఒక పోగు తీసి అగ్గిపుల్ల పెట్టిన. నూలు అయితె కాయిదం లెక్క కాలి బూడిదయితది, ఊదితె లేచిపోతది. ఇది మూరెడు పోగు ముడుచుకున్నది, నల్లగ కరిగింది, కొసకు గట్టి గుండు అయింది. చిటికెల నలిపితె నలగలే.

గీ పరీక్ష నాకు పన్నెండేండ్లప్పుడు మా నాయిన నేర్పిండు. దారం చేతికి వచ్చిన రోజు చెయ్యాలె ఇది. ఆ రోజు చెయ్యలే. ఎందుకు చెయ్యలే అంటె, రంగు దిగుతదా లేదా అన్నదే చూసిన. ఉప్పు నీళ్లల్ల నానబెట్టిన గాని అగ్గి పెట్టలే.

ఆ గుండును డైరీల పెట్టుకున్న. రాలిపోతదని కాయిదంల చుట్టిన.

జూన్ 23

ఫోన్ చేసి చెప్పిన.

పొద్దున ఎనిమిదికి చేసిన. టిఫిన్ చేస్తాన అన్నది. తిన్నంక ఒకసారి చేయి బిడ్డా అన్న. "ఏమైంది, అమ్మకు బాగలేదా" అని భయపడ్డది. లేదు, అమ్మ మంచిగనే ఉన్నది అన్న. ఇంక ఆగుతె మళ్ల చెప్పనని నాకే తెల్సింది. చెప్పిన.

"అంచు నూలు కాదు బిడ్డా. పాలిస్టర్. ఎర్ర పోగులు ఏప్రాన్‌వి కావచ్చు."

వెనుక సముద్రం ఇనబడతాంది.

"నీకు ఎప్పుడు తెల్సింది?" అన్నది.

"నిన్న కాల్చి చూసిన."

"అనుమానం ఎప్పుడొచ్చింది బాపు?"

నా బిడ్డ తెలివిగలది. చెప్పిన. పదిహేనో తారీకు నుంచి అని చెప్పిన. ఫోన్ పెట్టేసింది. కోపంతోని పెట్టలే, మెల్లగ పెట్టింది.

జూన్ 24

ఫోన్ రాలే.

జూన్ 25

రాలే. అనసూయ అన్నం పెట్టి కండెలు చుట్టుకున్నది. తిట్టితె బాగుండు.

జూన్ 27

ఫోన్ వచ్చింది. తిరుమల నంబరే, గాని మాట్లాడింది భారతి మేడం. విశాఖ దిక్కు మాట, గట్టిగనే ఉన్నది.

"మొగిలి గారండీ, మీ అమ్మాయి మీకు పదమూడో తేదీన చెప్పింది. మీరు ఫోన్ చేసింది ఇరవై మూడున. పది రోజులు ఎందుకు ఆగారండీ?"

అనుమానం పదిహేనుకే వచ్చిందని చెబ్దామనుకున్న. అది జవాబు కాదని నాకే అనిపిచ్చింది.

"బిడ్డకు ఓడ పోతదని ఆగిన మేడం" అన్న.

"ఆ పది రోజుల్లో అమ్మాయి అదే ఏప్రాన్‌తో ఇంకో పద్నాలుగు సీసాలు వడగట్టింది. అవీ పోయాయి. మొదటి రోజే చెప్పుంటే ఇరవై సీసాలు మిగిలేవి. ఇప్పుడు మూత తియ్యనివి ఆరు మిగిలాయి."

చెప్తె ఓడ పోతదనుకున్న. చెప్పకపోవుడే సీసలు తిన్నది.

తర్వాత జర మెత్తబడ్డది. తప్పు తమ వైపు సుత ఉన్నది అన్నది. ఖాళీ గిన్నె పెట్టి చూసే పరీక్ష ఒకటి ఉంటదట, గాలిల పోగులు ఎన్ని పడతయో తెలుసుకోనీకె. అది శశాంక్ టేబుల్ కాడ చేసిండ్రట, మా బిడ్డ టేబుల్ కాడ చెయ్యలేదట. ఆ దారం కొంచెం కొరియర్ చెయ్యమన్నది, పోల్చి చూస్తరట. అదే రోజు పంపిన. ఆ నల్ల గుండు సుత పెట్టి పంపిన, ఏం పనికొస్తదో తెల్వదు.

చివరకు నేను ఒకటి అడిగిన. "మా బిడ్డను పంపిచ్చేస్తరా మేడం?"

"ఎందుకండీ? ఆరు సీసాలున్నాయిగా, పని చేసుకుంటోంది" అన్నది.

జూన్ 29

పొద్దున పది గంటలకు నిచ్చెన తీసుకపోయి ఫ్లెక్సీ నేనే విప్పిన. రాంప్రసాద్ నిచ్చెన పట్టుకున్నడు.

"ఏమైంది మొగిలన్నా, ఎన్నికలు అయిపోయినయా?" అని చాయ్ హోటల్ కాడ ఒకడు. నీడ పోతాందని ముసలోళ్లు గొణిగిండ్రు.

చెప్పకుంట విప్పితె ఏదో ఒకటి అనుకుంటరు. నిచ్చెన మీదనే నిలబడి చెప్పిన. "సముద్రంల దొరికిన ఎర్ర పోగులు నేను ఏసిన అంచువి. సముద్రానివి కావు. మా బిడ్డ తప్పు లేదు, నాది తప్పు."

ఎవలు నవ్వలే. నవ్వుతరనుకున్న. ఓంప్రకాశ్ సేటు పేరు ఫ్లెక్సీ మీద ఉన్నది గద, ఆయన సాయంత్రం మనిషిని పంపి అడిగిపిచ్చిండు, దుకాణానికి చెడ్డపేరు వస్తదా అని. నేను రంగు దిగని దారం అడిగిన, నువ్వు రంగు దిగని దారమే ఇచ్చినవు సేటు, నూలు అడగలే నేను, అని చెప్పి పంపిన. అదే నిజం.

జులై 2

తిరుమల ఫోన్ చేసింది. "తిన్నవా బాపు" అని ఆమెనే అడిగింది. ఈ నెల రోజులల్ల ఇంత మంచి మాట ఇనలే నేను. ఆరు సీసలు శశాంక్ ఏప్రాన్ అడిగి తీసుకొని ఏసుకొని వడగట్టిందట. ఆరింటిల కలిపి ఎర్రయి రెండే వచ్చినయట. కొరియర్ల పోయిన దారంతోని పోల్చిండ్రు, ముందటి ముప్పై సీసలల్ల ఎర్రయి దాదాపు అన్ని మనయే.

జులై 11

ఇయ్యాల పిల్లలందరు తమ పని గురించి చెప్పే రోజు. ఫోన్ల చూడొచ్చు అని లింకు పంపింది. నా ఫోన్ల బొమ్మ ఆగిపోతాంటె కిషన్ రావు సారు ఇంటికి పోయినం నేను, అనసూయ. సారు ల్యాప్‌టాప్ పెట్టిండు, కుర్చీలు ఏసిండు. అనసూయ కింద కూసోబోతె ఊకోలే, పైననే కూసోబెట్టిండు.

మా బిడ్డ నిలబడ్డది. ఆకుపచ్చ నూలు చీర, అనసూయది, ఎప్పుడు పెట్టెల పెట్టుకొని పోయిందో మాకు తెల్వదు. మొత్తం ఇంగ్లీషు. నాకు ఒక్క ముక్క అర్థం కాలే, నడుమల "కొత్తవాడ" అని ఇనబడ్డది. ఇంకొకసారి ఇనబడ్డది. అనసూయ నా మోచెయ్యి పట్టుకున్నది.

"ఏమన్నది సారు?"

కిషన్ రావు సారు తెర దిక్కు నుంచి కండ్లు తిప్పకుంటనే చెప్పిండు. "ముప్పై సీసాల్లో ఎర్రవి నా ఏప్రాన్‌వి, వాటన్నింటిని లెక్క నుంచి కొట్టేసినం అంటున్నది. దారం వరంగల్ కొత్తవాడలో అంచుకు వాడేది అని చెప్పింది. మా నాయిన చెప్తేనే తెలిసింది అని చెప్పింది."

పది రోజులు ఆగినని చెప్పలేదా అని అడిగిన. చెప్పలేదు అన్నడు. ఎందుకు చెప్పలే అని నాకు అనిపిచ్చింది. చెప్పాల్సింది.

చివరకు ముందు వరుసల కూసున్న పెద్ద సారు ఒకాయన లేచి ఏదో అడిగిండు. నవ్వుకుంటనే అడిగిండు గాని ఆ నవ్వు నాకు నచ్చలే. కిషన్ రావు సారు చెప్పిండు: "ముప్పై సీసాలు పోయినయి, మిగిలిన ఆరు సీసాలతో సముద్రం గురించి ఏం చెప్పగలుగుతవమ్మా అని అడుగుతున్నడు."

తిరుమల ఆయన కండ్లల్లకు చూసుకుంట చెప్పింది. కిషన్ రావు సారు తొడ మీద చరుచుకున్నడు.

"సముద్రం గురించి చెప్పను సార్, ఆరు సీసాల గురించి చెప్తా, అన్నది."

ఓడ సీటు శశాంక్‌కు వచ్చింది. వాడు నీళ్లల్ల ఉండే పురుగుల మీద పని చేసిండట. మంచి పిల్లగాడే కావచ్చు.

ఇంటికి వచ్చేటప్పుడు అనసూయ అన్నది, "నా చీరల మంచిగున్నది." ఆటోల కూసున్నంక మళ్ల అన్నది. "భయపడలే చూసినవా." చూసిన. నేను భయపడ్డ, అది భయపడలే.

జులై 13

వచ్చింది. ఎండకు నల్లబడ్డది. మీదవడి కావలిచ్చుకుంటదనుకున్న. సంచి నా చేతికిచ్చి "పద బాపు" అన్నది. ఇంట్ల అన్నం తిని పొద్దుగూకేదాక పండుకున్నది.

లేచినంక వాకిట్ల నా పక్కన కూసున్నది.

"ఆ రోజులల్ల నువ్వు రోజు ఫోన్ల తిన్నవా అని అడిగినవు. నాకు ఓడ పోయిందని బాధ లేదు. నీకు తెల్సి అట్ల అడిగింది గుర్తుకొస్తె కోపం వస్తాంది."

"వస్తది బిడ్డా."

"ఇంక కొన్ని రోజులు వస్తది."

"రానీ" అన్న.

జులై 14

బాపు, మన అద్దకం నీళ్లు యాడికి పోతయి అని అడిగింది. సందు వెనుక మోరీ ఉన్నది గద, అండ్లకు. ఆ మోరీ యాడికి పోతది. పెద్ద నాలాకు. నాలా? వాగుకు. అక్కడి నుంచి? నాకు తెల్వదు అన్న. ఆమెకు తెల్సు. కాయిదం మీద గీసి చూపిచ్చింది, మన సందు నుంచి సముద్రం దాక. వేలు పెట్టి చూపిస్తాంటె అట్లనే చూసిన.

కాలేజిల అడిగిందట, సీసలు ఇస్తరట. దుర్బిణి సుత ఉన్నదట. భారతి మేడంకు ఫోన్ చేసి చెప్పిందట, ఎట్ల చెయ్యాల్నో రాసి పంపిందట ఆ గట్టి మనిషి, నాలుగు పేజీలు.

"నాకు మొత్తం కొత్తవాడల వాడే దారాలు కావాలె బాపు. ఒక్కొక్కటి నువ్వు కాల్చి చూసి, పేరు రాసి ఇయ్యాలె. మోరీల పోగు దొరికితె అది మనదా, వేరేదా చెప్పనీకె."

పేర్లు రాసుడు మొదలుపెట్టిన. ఇప్పటికి ఇరవై రెండు రాసిన, ఇంక ఉన్నయి. రాంప్రసాద్ పదకొండు తెచ్చిండు. ఓంప్రకాశ్ సేటు పదిహేను పంపిండు, వద్దన్నా పంపిండు.

జులై 16

పొద్దున తొమ్మిదింటికి మోరీ కాడికి పోయినం. అద్దకం నీళ్లు ఆ వేళకే వదులుతరు. తిరుమల చేతుల మూడు సీసలు, తాడు, నోట్‌బుక్. సీస కిందికి దించి పట్టుకునేటందుకు ఇంకొక మనిషి కావాలె. నేను ముందట నిలబడ్డ.

నా అంగి కొసను వేళ్ల నడుమ పట్టి చూసింది.

"ఇది ఇప్పాలె బాపు."

"ఏంది?"

"టెరికాట్, పాలిస్టర్ కలిసింది. పోగులు సీసల పడతయి."

"సందుల నలుగురు తిరుగుతాండ్రే."

"అయితె పక్కకు జరుగు, అమ్మను పిలుస్త."

ఇప్పిన. బనీన్ సుత పట్టి చూసింది, అది సుత ఇప్పుమన్నది. అరవై ఆరేండ్లకు కొత్తవాడ మోరీ ఒడ్డు మీద లుంగి మీద నిలబడ్డ, తెల్ల వెంట్రుకల రొమ్ముతోని. లుంగి ఈ నడుమ రాంప్రసాద్ మగ్గం మీద నేను నేసిందే, దానికి అంచు లేదు, పొద్దున నేనే ఒక పోగు కాల్చి చూసిన.

చాయ్ హోటల్ నుంచి రాంప్రసాద్ కేకేసిండు. "ఏందన్నా, మోరీల స్నానమా?"

"మా బిడ్డ ఇప్పుమన్నది" అన్న, గట్టిగ, అందరికి ఇనబడేటట్టు. ముసలోళ్లు కుర్చీలు ఇటు దిక్కు తిప్పుకున్నరు.

తిరుమల నోట్‌బుక్‌ల తారీకు రాసింది, టైం రాసింది, నీళ్ల రంగు రాసింది. సీస పట్టుకున్నది ఎవలు అన్న కాడ నా పేరు రాసింది. రాసుకుంటనే "చెయ్యి కదపకు బాపు, నేను చాలు అనేదాక" అన్నది.

నీలం నీళ్లు మెల్లమెల్లగ సీసలకు వస్తాన్నయి. వీపు మీద ఎండ కొడతాంది. నేను కదల్లే.